ఐదు తోళ్ల పుట్టి

తుమ్మలగడ్డ,
3-11-1961

చిన్నాయినా,

ఉత్తరం 'మహారాజశ్రీ' అని మొదలువెట్టాలని బడిల నేర్పిన్రు. నేను రాయ. సంస్థానాలు పోయినయి, నిజాం గద్దె దిగిండు, మహారాజులు మన ఉత్తరాలల్ల మాత్రం ఎందుకు బతకాలె? నువ్వు పర్వతాలువి, నేను మీ అన్న కొడుకు భిక్షాన్ని. ఇంత చాలు.

అమ్మ మంచిగున్నది. మోకాళ్లు గుంజుతున్నయంటది, మళ్ల నాకంటె ముందు నడుస్తది.

అసలు సంగతి. ఫిబ్రవరిల ఓట్లు, పటేలు బామ్మర్ది నిలబడుతున్నడట. పెట్టె మళ్ల అవతలి ఒడ్డు కొత్తరేవులనే పెడుతరట. మన గడ్డకు నాలుగు దిక్కుల కృష్ణ. దాటాలంటె సర్కారుకు పైసలు కట్టి రేవు ఇజారా పట్టిన పటేలు పుట్టి ఒక్కటే. యాభై ఏడుల ఏమైందో నీకు చెప్పే పని లేదు, నువ్వూ ఆ ఒడ్డునే నిలబడ్డవు. ముందు పటేలు ఇంటోళ్లు దాటిన్రు, తర్వాత ఊరోళ్లు, తర్వాత జీతగాళ్లు, ఆఖరికి గడ్డిమోపులు సుత దాటినయి. మన వాడోళ్లు నలభై మూడు మంది పొద్దుగాల నుంచి నిలబడితె, అవతల అడుగువెట్టే యాల్లకు పెట్టెకు సీలు పడ్డది. "టైమైంది, పోండి" అన్నడట ఆఫీసరు. మీరు పోయిన్రు! ఒక్కరన్న రాయి తీసి ఇసరలె.

ఈసారి మన వాడ పేర్లు అరవై ఒకటి. ఒక్కటి గూడ మిగలొద్దు. పుట్టి నేనే తెస్త, తెడ్డు నేనే వేస్త. బొంగుబద్దల బుట్టకు బర్రె తోలు తొడిగి, కుట్టి, కొవ్వు రాసి నీళ్లకు తయారు చేసేది మన చేతులు. ఎక్కేటప్పుడు ఆఖరున నిలబడేదీ మనమే. ఇదేం న్యాయం? ఇది రాస్తుంటెనే నా పాళీ విరిగేటట్లున్నది.

కొత్తరేవు చేపలోళ్లు రెండు పుట్లు అమ్ముతున్నరు. ఒకటి రెండు తోళ్ల చిన్నది. ఒక్కడు నెత్తిన పెట్టుకొని నడవచ్చు, నీళ్ల మీద మిడత తీరు ఉరుకుతది. ఇంకోటి ఐదు తోళ్లది. తోలు చీకిపోయింది, బుట్ట మాత్రం మిగిలింది, ముసలి బర్రె తీరు ఒడ్డున పడున్నది. నాకు చిన్నది నచ్చింది. మన వాడల తెడ్డు పట్టినోడు లేడు, పుట్లు కుట్టినోడివి, అడుగుదామంటె నువ్వే దిక్కు. తెడ్డు ఎంత పొడుగుండాలె? కొత్తోడు ఏం చూసి కొనాలె? జల్ది రాయించు.

ఇంకొకటి. రేవు ఇజారా రద్దు చెయ్యాలని తహసీల్దారుకు అర్జీ రాసిన. అందుల ముందు మాట కురుమయ్య గొర్లది. పోయిన ఓట్ల తెల్లారి పటేలు చీకిన పుట్టి నడి ఏట్ల విచ్చుకొని పదకొండు గొర్లు మునిగినయి గద. ఆ గొల్లకురుమ మనిషి ఇయ్యాల పరాయి మంద కాస్తున్నడు. ఆయన వేలిముద్ర వేయించిన. ఇంతకన్న పెద్ద సాక్ష్యం ఏం గావాలె?

కోపంల, కాని ఒళ్లు మంచిగనే ఉన్న
భిక్షం

*

ఆలేరు,
16-11-1961

బిడ్డ భిక్షానికి, పర్వతాలు చెప్పంగ తోళ్ల మండి మున్షీ చోటే మియా రాసినది.

నీ జాబు మియా రెండుసార్లు చదివి వినిపించిండు. మొదటిసారి విన్న మాటలు కొన్ని రెండోసారి వినపడలె. ఏందని అడిగితె, "పోరడు గట్టిగ రాసిండు భాయ్, నేను జర మెత్తగ చదివిన" అన్నడు.

నా దగ్గు తగ్గింది. ఈడ చలి మొదలైంది, పచ్చి తోళ్లు ఆరుతలేవు.

చిన్న పుట్టి కొనకు. దానిమీద నడుము ఇటు కదిలిస్తె అది అటు బోర్లపడుతది. చేపలోళ్లకు అది పుట్టుకతోని వచ్చిన విద్య. ఐదు తోళ్లది మొండిది, మెల్లగ పోతది, చూడ సక్కదనం లేదు. గాని నీ తప్పులు అది మోస్తది. నేర్చుకునేటోనికి ఉరికే పుట్టి గాదు, ఓర్చే పుట్టి గావాలె. బుట్టల మోకాలు పెట్టి ఒత్తు. కిర్రుమంటె మంచిది, పుటుక్కుమంటె వద్దు. తెడ్డు నువ్వు నిలబడితె గదుమ కాడికి రావాలె. ముందట కూసొని నీళ్లను నీ దిక్కు గుంజుకో. పక్కకు నూకితె పుట్టి ఉన్నకాడనే గిర్రున తిరుగుతది. ఆనిగెపుకాయ బుర్రలు రెండు ఎండబెట్టి నడుముకు కట్టుకో, పడితె మునగకుంట తేలుస్తయి. సిగ్గు పడకు. ఇవన్ని నాకెట్ల ఎరుక అని అడగకు.

అర్జీల గొర్ల ముచ్చట తీసెయ్. అది ఎందుకని సుత అడగకు.

మీ అమ్మను అడిగిన్నని చెప్పు. నీ కోపం నీకంటె ముందు ఒడ్డు చేరొద్దని నా దీవెన.

పర్వతాలు (వేలిముద్ర)

*

తుమ్మలగడ్డ,
26-11-1961

చిన్నాయినా,

అడగకు, అడగకు అని రెండుసార్లు రాయించినవు. నేను అడుగుత.

గొర్ల ముచ్చట ఎందుకు తీయాలె? పటేలు ఆలేరుకు మనిషిని పంపిండా? పైసలు పంపిండా? లేకుంటె ఆడంత దూరం పోయి గూడ ఆయన పేరు వింటె నీ తలకాయ వంగుతదా? కురుమయ్య మొన్న నా చేయి పట్టుకొని ఏడ్చిండు. "భిక్షం, నా గొర్ల సంగతి కాయితం మీద రాసినోడివి నువ్వొక్కడివేరా" అన్నడు. ఆ మాట కొట్టెయ్యాల్నా? కొట్టెయ్య. చోటే మియా, ఈ మాటలు మెత్తగ చదవకు. ఉన్నదున్నట్లు చదువు. మెత్తదనం తోనే ఈ దేశం ఇట్లున్నది.

ఐదు తోళ్ల బుట్ట కొన్న. నీ మాట విని గాదు, అరవై మందిని దాటియ్యాలె గనుక. ఆనిగెపు బుర్రలు మాత్రం కట్టుకోను. పటేలు మనుషులు ఒడ్డున కూసొని బీడీలు తాగుకుంట చూస్తుంటె, నేను కూరగాయలు కట్టుకొని ఏట్ల దిగాల్నా?

ఇంకో సంగతి చెవిన పెట్టుకో. దానికి తోలు తొడగ. ఎన్ని తరాల నుంచి చచ్చిన బర్రెలను గుంజి, ఒలిచి, కుట్టి ఏం సంపాదించినం? చేతుల వాసన సంపాదించినం. ఆ వాసన పేరు చెప్పే గద మనల్ని ఆఖరున నిలబెడుతరు! మన పుట్టి మీద ఆ గుర్తు ఉండొద్దు. గద్వాల రోడ్డు పనికాడ డాంబరు అడుక్కొచ్చిన. గోనెపట్టాలు నాలుగు మడతలు కుట్టి, పైన డాంబరు పూస్తున్న. కొత్త కాలానికి కొత్త పుట్టి.

జవాబు సూటిగ రాయించు.

భిక్షం

*

పోస్టు కార్డు
ఆలేరు, 8-12-1961

భిక్షానికి,

నీ చేతులకు వాసన లేదు బిడ్డా. నా చేతులకు ఉన్నది. నీ పలక, నీ బలపాలు ఈ చేతులే కొన్నయి. డాంబరు ఎండకు మెత్తబడుతది, చలికి పలుగుతది. ఇంతే సంగతి. ఇంకో మంచి మాట కలుపుతనని మియా అంటె వద్దన్న.

పర్వతాలు

*

తుమ్మలగడ్డ,
4-1-1962

చిన్నాయినా,

నీ కార్డు నాలుగు వరుసలు. నాలుగూ గుచ్చుకున్నయి. నేను నీ చేతులను అనలె, వాటికి మర్యాద ఇయ్యని లోకాన్ని అన్న. నీకు గా తేడ తెలుస్తలేదా, తెలిసి అలుగుతున్నవా? సరే, అలుగు.

మునిగింది. సంతోషమా?

నిన్న పొద్దుగాల దించినం. వాడంత ఒడ్డుకొచ్చిన్రు. మొదట బాగనే తేలింది. నాకు ఛాతి ఇంతయింది. పది బారలు పోయినంక గిర్రున తిరుగుడు మొదలువెట్టింది. నేను నూకుతనే ఉన్న, అది తిరుగుతనే ఉన్నది. ఒకసారి అమ్మ మొఖం, ఒకసారి పటేలు మనుషుల మొఖం, మళ్ల అమ్మ మొఖం. అప్పుడు కాళ్ల కింద సల్లగయింది. చలికి డాంబరు పలిగి, గోనెల నుంచి నీళ్లు ఊరుతున్నయి. లేచి నిలబడ్డ. నిలబడొద్దని నువ్వు రాయలె! ఆ మాట ఎందుకు రాయలె?

నాకు ఊర్ల బాయిల ఈత వస్తది. ఏటి నీళ్లు బాయి నీళ్లు గాదని నిన్న తెలిసింది. బాయి నీళ్లు ఉన్నకాడ ఉంటయి, ఇవి కాళ్లు పట్టి గుంజుతయి. నన్ను బయటికి తీసింది ఎవరనుకున్నవు? పటేలు పుట్టికి తెడ్డేసే ఐలేశం. జుట్టు పట్టి గుంజి ఒడ్డున పారేసి, "తోలు కుట్టెటోని కొడుకువి, గోనె కట్టుకొని వచ్చినవేందిరా? కోమటి దుకాణం పెట్టినవా?" అన్నడు. ఒడ్డంత నవ్వింది. మన గుర్వమ్మ ముసల్ది సుత నవ్వింది, పండ్లు లేని నోటితోని.

ఇగ నాకు ఓపిక లేదు. ఓట్లు నెలన్నర ఉన్నయి. మనకు పుట్టి లేకుంటె వాళ్లకూ ఉండొద్దు. వాళ్ల పుట్టి కుట్లు ఎక్కడుంటయో మనకంటె ఎరికైనోళ్లు ఎవరు? అమ్మ పెట్టెల తోలు కోసే నీ పాత రంపె ఉన్నది. నాలుగు కుట్లు తెంపితె చాలు. ఓట్లనాడు పటేలు నడి ఏట్ల గిర్రున తిరిగితె నేను ఒడ్డున కూసొని నవ్వుత. ఇది తప్పని ఏ పుస్తకంల రాసున్నదో చూపియ్యి.

భిక్షం

*

ఆలేరు,
11-1-1962

భిక్షం,

దీవెనలు తర్వాత. రంపె తీసుకపోయి ఏట్ల పారెయ్. ఈ ఉత్తరం చదువుడు అయిపోకముందే లేచి పారేసి రా. వచ్చినంక మిగిలింది చదువు.

యాభై ఏడుల ఓటు పోయిన తెల్లారి, పొద్దు పొడవకముందు నేను రేవుకు పోయిన. పటేలు ఆనాడు గద్వాలకు పోతడని విన్న. ఆయన పుట్టి అడుగు కుట్లు నేను కుట్టినయే. నా రంపెతోని నేనే తెంపిన. ఆరు కుట్లు. పైకి తెలవకుంట కొవ్వు పూసిన.

పటేలు ఆనాడు పోలె. కురుమయ్య పోయిండు, గొర్లను తోలుకొని. నేను తుమ్మ చెట్టు కాడ నిలబడి చూసిన. ఎక్కకు అని ఒక్క మాట ఒర్రితె అయిపోవు. ఒర్రితె నేను దొరుకుత. ఒర్రలె. గొర్లు మునిగేటప్పుడు సప్పుడు చెయ్యయి బిడ్డా, మనిషే చేస్తడు. కురుమయ్య ఏసిన కేక ఇంక నా చెవులల్ల ఉన్నది. పటేలుకు ఏం పోయింది? వారంల కొత్త పుట్టి వచ్చింది. అది గూడ నేనే కుట్టిన. నెల తిరక్కముందు ఆలేరు రైలెక్కిన.

గొర్ల ముచ్చట తీసెయ్ అన్నది ఇందుకు. పటేలు పైసలు పంపలె. పంపుంటె మంచిగుండు, ఒక్క తప్పుతోని పోయేది.

తెడ్డు సంగతి నాకెట్ల ఎరుక అని అడగకన్న, ఇప్పుడు నేనే చెప్తున్న. చాటుగ నేర్చుకున్న. ఆ ఓట్లనాడు రేవుల చేపలోళ్ల పుట్టి ఒకటి ఉత్తగనే కట్టేసి ఉన్నది. నేను విప్పి మన నలభై మూడు మందిని దాటియ్యచ్చు. విప్పలె. పగటిపూట అందరి ముందు తెడ్డు పట్టే ధైర్యం లేదు, చీకట్ల రంపె పట్టే ధైర్యం ఉన్నది. నీ కోపం నాకు కొత్త గాదు.

ఐదు బర్రె తోళ్లు గూడ్సుల పంపిన. గద్వాల టేషన్ల విడిపించుకో. తొడుగుతవో, పారేస్తవో నీ ఇష్టం. మీ అమ్మ జంగమ్మకు కుట్టొస్తది. కూసున్నోడు కూసున్నట్లే ఉండాలె, పుట్టిల లేచి నిలబడొద్దు. మొదటి ఉత్తరంలనే రాయాల్సింది.

పర్వతాలు

(బాబూ, ఇది చోటే మియా. ఈ జాబు రాసుడు రెండు రోజులు పట్టింది. మధ్యల మీ చిన్నాయిన లేచి బయటికి పోయి వచ్చిండు. నేను ఒక్క మాట కలపలేదు, ఒక్కటి తీయలేదు.)

*

తుమ్మలగడ్డ,
30-1-1962

చిన్నాయినా అని రాసి, కొట్టేసి, మళ్ల రాసిన.

పది రోజులు నీకు జవాబు రాయొద్దనుకున్న. నీ పేరు ఎవరన్న తీస్తె లేచిపోయిన. పటేలు మీద ఉన్న కోపం తేలికైనది. ఎదుట కనపడుతడు, తిడుత. నీ మీది కోపం ఎక్కడ పెట్టుకోవాల్నో తెలుస్తలేదు. నేను చదివిన పుస్తకాలల్ల అన్యాయం చేసేటోడు అవతలి ఒడ్డున ఉంటడు. నువ్వు ఇవతలి ఒడ్డునోడివి, నాకు పలక కొన్నోడివి. ఏం చెయ్యాలె నిన్ను?

అర్జీల ఆ వరుస కొట్టేసిన. కురుమయ్య వచ్చి, "నా ముద్ర ఎందుకు తీసినవు భిక్షం, నా గొర్లు గొర్లు గావా?" అని అడిగిండు. కాయితం తడిసిందన్న. అబద్ధమాడేటోళ్లను ఊరంత తిరిగి తిడుత, అదే నోటితోని అబద్ధం నీ కోసం ఆడిన. దానికి నిన్ను మాఫ్ చెయ్య. ఆయనకు నిజం నేను చెప్ప. అది నీ నోరు చెయ్యాల్సిన పని.

రంపె ఏట్ల పారెయ్యలె. దానితోనే తోళ్లు కోసినం.

అవును, తొడిగినం. అమ్మ తోళ్లను ఎండకు ఎత్తి పట్టి, తూట్లు చూసి, నానబెట్టి, నన్ను పక్కన కూసోబెట్టుకున్నది. "పుస్తకం పక్కన పెట్టు, ఆరె పట్టు" అని తోలు పొడిచే దబ్బనం చేతికిచ్చింది. నా కుట్టు చూసి మూడుసార్లు విప్పించింది. నాలుగోసారి ఇంకో తోలు ముందట పెట్టింది. నా చేతులకు వాసన పట్టింది. కడిగితె పోతలేదు. పోకుంటె పోకపాయె. పటేలు కూసునే పుట్టికి సుత ఇదే వాసన గద, ఆయన దోవతికి పట్టదా?

బుర్రలు కట్టుకున్న. నవ్వేటోళ్లు నవ్విన్రు. రోజు పొద్దుగాల దిగుతున్న. ముందట కూసొని నీళ్లను గుంజుకుంటె పుట్టి సూటిగ పోతున్నది. నిన్న పోయి వచ్చిన, ఒక్కసారి గూడ తిరగలె. ఐలేశం చూసి మొఖం తిప్పుకున్నడు.

ఓట్లు మూడు వారాలల్ల. నీ పేరు ఆ అరవై ఒకటిల ఉన్నది. రా.

భిక్షం

*

ఆలేరు,
10-2-1962

బిడ్డా,

పదిమంది కంటె ఎక్కువ ఎక్కనియ్యకు. బరువైనోళ్లను నడుమ, పిల్లల తల్లులను వాళ్ల పక్కన కూసోబెట్టు. దించేటప్పుడు ఒక్కొక్కరిని దించు, అందరు ఒక్క దిక్కు జరిగితె బోర్లపడుతది. మధ్యాహ్నం ఒకసారి పుట్టిని ఒడ్డున బోర్లించి కుట్లకు కొవ్వు రాయి.

నేను రాలేను. మండిల పని ఎక్కువున్నది.

పర్వతాలు

*

తుమ్మలగడ్డ,
27-2-1962

చిన్నాయినా,

మండిల పని ఎక్కువున్నదా? చోటే మియా, నువ్వన్న చెప్పు, ఉన్నదా?

ఓట్లయినయి. విను.

పొద్దు పొడిచేసరికి వాడంత రేవుల ఉన్నది. తలలకు నూనె రాసుకొని, ఉతికిన బట్టలు కట్టుకొని పెండ్లికి వచ్చినట్లు వచ్చిన్రు. పటేలు మనిషి అడ్డమొచ్చి, "రేవు మా ఇజారా, పుట్టి దించొద్దు" అన్నడు. నేను అన్న: "కిరాయి తీస్తె ఇజారా. నేను కిరాయి తీస్తలేను. రేపు ఈత కొట్టెటోనికి సుత టికెట్ పెడుతవా?" వాడు ఐలేశం దిక్కు చూసిండు. ఐలేశం తెడ్డు కడుక్కుంట, "నాకేం ఎరుక, నా పుట్టి సంగతి నన్ను అడుగు" అన్నడు.

పదిమంది చొప్పున దాటించిన. చేతులు బొబ్బలెక్కినయి, బొబ్బలు పలిగినయి, తెడ్డు ఎర్రగైంది. నడుమల ఒకసారి బోర్లించి కొవ్వు రాసినం. ఒక్క చుక్క ఊరలె. ఆఖరి దఫ నేను సుత దిగి, మూడున్నరకు ఓటేసిన. వేలికి పెట్టిన సిరా బొబ్బ మీద మండింది. మంచిగనిపించింది.

ఇగ వచ్చేటప్పటి ముచ్చట. నడి ఏట్ల ఉన్నం. గుర్వమ్మ నా ఎనుక కూసొని అందరు వినేటట్లు అన్నది: "నేనైతె పటేలు బామ్మర్దికే గుద్దిన. నిరుడు జరమొస్తె గోలీలు పంపిండు."

నేను తెడ్డు ఆపిన. పుట్టి గిర్రున తిరిగింది. ఆడోళ్లు ఒర్రిన్రు. "అవ్వా, ఎవరివల్ల పోయినసారి మీ ఓటు పోయింది? ఎవని మనుషులు మిమ్ములను ఎండల నిలబెట్టిన్రు? నేను నా చేతులు పలగొట్టుకొని నిన్ను దాటిస్తె, పోయి ఆయన బామ్మర్దికే గుద్దినవా?" అని మొత్తుకున్న. ముసల్ది ఏం జంకలె. "దాటిచ్చినవు, సల్లగుండు కొడుకా. గాని ఓటు నాది కదరా. ఆయన అడిగితె ఆయనకు, నువ్వు అడిగితె నీకు వెయ్యాలంటె ఇగ నాకెందుకురా ఓటు? ముందు తెడ్డెయ్, నాకు తల తిరుగుతున్నది" అన్నది. పుట్టంత నవ్వింది. నేను నవ్వలె. దీనికి జవాబు నా పుస్తకాలల్ల ఎక్కడున్నదో ఇంక వెతుకుతున్న. ఆమెను ముందుగాల చేయి పట్టి దించిన. కోపంతోనే దించిన.

కాని నా అసలు కోపం ఆమె మీద గాదు. సీలు వేసేముందు ఆఫీసరు లెక్క చూసి, కిటికీలకెళ్లి పిలిచిండు: "తుమ్మలగడ్డ వాడల ఒక్క పేరు మిగిలింది. పర్వతాలు. ఉన్నడా, సచ్చిండా?"

అరవై మందిమి నిలబడి ఉన్నం. టైము ఇంక పావు గంట ఉన్నది. యాభై ఏడుల మీకు దొరకని పావు గంట. నేను రోడ్డు దిక్కు చూసిన. సిగ్గు లేకుంట చూసిన, గద్వాల బస్సు వస్తదేమోనని. నా పక్కన కురుమయ్య నిలబడి ఆయన సుత చూసిండు. "మీ చిన్నాయిన పదిలంగున్నడా? తోలు పని ఆయన తీరు ఎవరు చెయ్యరు" అన్నడు. నాకు నాలిక మీద నిప్పు పెట్టినట్లైంది.

అరవై ఒక్క మందిని ఒడ్డుకు చేరుస్తనని మొదటి రోజు రాసిన. అరవై మందిని చేర్చిన. చేరనోడివి నువ్వొక్కడివే. నిన్ను ఆపింది పటేలు గాదు, ఐలేశం గాదు, ఇజారా గాదు.

నేను శనివారం గద్వాల టేషన్ల ఉంట. బండి వచ్చేటప్పుడు ప్లాటుఫారం మీదనే ఉంట. నువ్వు దిగితె నిన్ను పుట్టిల ఎక్కించుకొని సూటిగ కురుమయ్య ఇంటి ముందట దించుత, పక్కన నిలబడుత, మాట మాత్రం నువ్వే చెప్పాలె. దిగకుంటె మళ్ల శనివారం వస్త. అప్పుడూ దిగకుంటె ఆ మీది శనివారం. నాకు కోపం చల్లారదు చిన్నాయినా, గదొక్కటి నమ్ము.

భిక్షం